చిత్రం పక్కన రాసే నాలుగు మాటలు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన పదకొండు చిత్రాల ఫోటోలూ, ఒక్కొక్కదాని కింద నువ్వు రాసుకున్న వాక్యాలూ అందాయి. ఫోటోలను అచ్చు తీయించుకుని, బల్ల మీద పరుచుకుని మూడు రోజులుగా చూస్తున్నాను. మొదటిసారి పదిమంది ముందు పెట్టబోతున్నానని, వాటి వెనక ఉన్న ప్రేరణ గురించి ఏం రాయాలో, ఎంత రాయాలో, అసలు రాయాలో వద్దో తెలియడం లేదని అడిగావు. నలభై ఏళ్లుగా రంగూ కాగితమూ దారమూ కలిపి పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంతలో వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు. ముందుగా నా అభిప్రాయం దాచకుండా చెప్పేస్తాను. చిత్రాలు బాగున్నాయి, వాటిలో నాలుగైదు చాలా బాగున్నాయి. వాటి కింద రాసిన మాటలు మాత్రం వాటికి తగినట్టు లేవు.

ఆ నీలం చిత్రాన్నే తీసుకో. దాని కింద "ఆధునిక మానవుని అంతరంగ సంఘర్షణకు ప్రతిరూపం" అని రాశావు. ఆ వాక్యాన్ని మిగతా పది చిత్రాల్లో దేని కింద పెట్టినా సరిపోతుంది, నా చిత్రాల కింద పెట్టినా సరిపోతుంది. ఏ చిత్రానికైనా సరిపోయే మాట ఏ చిత్రం గురించీ ఏమీ చెప్పనట్టే. నేను ఏది రాసుకున్నా ఈ ఒక్క పరీక్ష పెడతాను: ఆ మాటలు రాసిన చీటీలన్నీ కలిపేసి తలో చిత్రం కిందా పెట్టి చూస్తాను, మారినా తేడా తెలియని చీటీని చించేసి మళ్లీ రాస్తాను. నువ్వు రాసిన పదకొండింటిలో ఈ పరీక్షకు నిలిచినవి రెండే, మూడోదీ ఎనిమిదోదీ. ఆ రెండింటిలో నువ్వు చూసిన వస్తువు పేరు చెప్పావు, అందుకే నిలిచాయి.

నీలం చిత్రం ఎలా మొదలైందో కిందటి నెల ఫోనులో నువ్వే చెప్పావు, గుర్తుందా? వానకు తడిసి పెచ్చులూడిన మెట్ల పక్క గోడ, దాని మీద ఎవరో సిమెంటుతో వేసిన మాసిక, అది ఎండిన తర్వాత అంచు చుట్టూ ఉప్పు పూసి తేలిన సన్నని తెల్లటి గీత. రోజూ పైకి వెళ్తూ ఆ గీతను వేలితో తడిమేదాన్నని, ఒకరోజు వచ్చేసరికి గోడకు సున్నం వేసేశారని, ఆ సాయంత్రమే బూడిదరంగు గుడ్డముక్క చుట్టూ తెల్ల దారం కుట్టడం మొదలుపెట్టానని చెప్పావు. చీటీ మీద రాయవలసింది అదే. "సంఘర్షణ" అని చదివినవాళ్లు తల ఊపి పక్క చిత్రం దగ్గరకు వెళ్లిపోతారు. తెల్ల ఉప్పు గీత గురించి చదివినవాళ్లు వెనక్కి తిరిగి ఆ దారం ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో వెతుకుతారు, తమకు తెలిసిన ఏదో ఒక గోడ వాళ్లకు గుర్తొస్తుంది. చూసేవాళ్ల కంటిని తిరిగి చిత్రం మీదకు పంపించడమే ఆ నాలుగు మాటలు చేయగలిగిన మేలు.

ప్రేరణ అనగానే చిత్రానికి అర్థం చెప్పాలని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అర్థం చూసేవాళ్లది, దాన్ని వాళ్లకే వదిలిపెట్టాలి. ప్రేరణ మాత్రం నీది, నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు: ఎక్కడ ఏం చూశావు, ఏది చేతికి దొరికింది, దొరికినది నీ ఆలోచనను ఎటు లాక్కుపోయింది. నా తొలి ప్రదర్శనలో గోనెపట్ట కుట్టిన ఒక చిత్రం కింద జీవితం, కాలం అంటూ పెద్ద పెద్ద మాటలు రాశాను. ఒకావిడ వచ్చి చదివి, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "ఇక్కడ కుట్టు ఎందుకు వంకరగా పోయిందమ్మా?" అని అడిగింది. చిరిగిన బస్తాను దబ్బనంతో కుట్టే మనిషిని చూస్తూ వేసిన బొమ్మ అదని, ఆయన మధ్యలో ఎవరితోనో మాట్లాడుతూ చూపు తిప్పినప్పుడు కుట్టు పక్కకు జరిగిందని, ఆ వంకర నాకు నచ్చి అలాగే ఉంచానని చెప్పాను. ఆవిడ ఆ చిత్రం ముందు పావుగంట నిలబడింది. ఆ రాత్రి చీటీలన్నీ తీసేసి మళ్లీ రాశాను.

మన పనిలో ఇంకో విశేషం ఉంది. రంగులతో మాత్రమే పనిచేసేవాళ్లకు ప్రేరణ బయట ఎక్కడో ఉంటే, రంగు దాన్ని చెప్పే సాధనం అవుతుంది. రంగు, కాగితం, గుడ్డ లాంటివి కలిపి చేసే మిశ్రమ మాధ్యమంలో మనం అతికించే వస్తువే చాలాసార్లు ప్రేరణ. 1912లో స్పెయిన్ చిత్రకారుడు పికాసో ఒక అండాకారపు కాన్వాస్ మీద పేము కుర్చీ అల్లిక బొమ్మ అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను అతికించి, చట్రానికి బదులు చుట్టూ తాడు పెట్టాడు. అల్లికను కుంచెతో వేయగలిగిన మనిషే, అయినా అచ్చు ముక్కనే తెచ్చి పెట్టాడు. అదే ఏడాది ఫ్రెంచి చిత్రకారుడు బ్రాక్ ఒక దుకాణంలో చెక్క గీతలు అచ్చువేసిన గోడ కాగితాన్ని చూసి, కొని తెచ్చి, బొగ్గుతో గీసిన బొమ్మలో అతికించాడు. ఆ రెంటి గురించీ ఎంత సిద్ధాంతం చదివినా, నాకు మాత్రం దుకాణం ముందు ఆగి ఆ కాగితం వైపు చూస్తున్న మనిషే కనిపిస్తాడు. నీ ప్రేరణ గురించి రాసేటప్పుడు నువ్వు అలా ఆగిన చోటును చూపించు.

మేరీ డెలానీ అనే ఇంగ్లీషు మహిళ గురించి నీకు ఎప్పుడో చెప్పాను, ఇప్పుడు మళ్లీ చెప్పాలనిపిస్తోంది. 1770లలో, దాదాపు డెబ్భై రెండేళ్ల వయసులో, జెరేనియం పువ్వు పక్కన పడి ఉన్న ఎర్ర కాగితం ముక్క రంగు, ఆ రేకు రంగు ఒకేలా ఉండటం ఆమె కంట పడింది. కత్తెర తీసుకుని ఆ కాగితంతో పువ్వును కత్తిరించింది. అక్కడి నుంచి దాదాపు పదేళ్ల పాటు, చూపు మందగించి ఆపేసేదాకా, నల్లటి నేపథ్యం మీద రంగుకాగితాల సన్నని ముక్కలతో వెయ్యికి కాస్త తక్కువగా మొక్కల చిత్రాలు చేసింది. అక్కడక్కడా నీటిరంగు అద్దింది, కొన్నిటిలో నిజమైన ఎండుటాకునే పెట్టింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చేది చిత్రం వెనక ఆమె రాసుకున్న రాత: మొక్క పేరు, తేదీ, ఎక్కడ చేసింది, మొక్కను ఎవరు ఇచ్చారు. ఆ వెనక రాత చదివితే ఆ చిత్రం పుట్టిన రోజు కళ్ల ముందుకు వస్తుంది.

కాబట్టి ఇది ఈ రోజు నుంచే మొదలుపెట్టు. ప్రేరణ గురించి చిత్రం పూర్తయ్యాక రాయాలని కూర్చుంటే జ్ఞాపకం కథలు అల్లుతుంది. జరగనివి జరిగినట్టు, అనుకోకుండా దొరికినవి ఎప్పుడో అనుకున్నట్టు తోస్తాయి. పనిచేసే బల్ల మీదే ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకుని, ఆ రోజు ఏ కాగితం అతికించావో, అది ఎక్కడిదో, ఏ జిగురు వాడావో, ఏది పీకేశావో రెండు ముక్కలు రాసి తేదీ వేయి. పీకేసినవి ముఖ్యంగా రాయి, ఎందుకంటే పూర్తయిన చిత్రంలో అవి కనిపించవు. ఒక్కో పొర ఆరాక ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకో. అయిదో చిత్రంలో కుడివైపు ఎర్రటి మరక కింద ఏదో అచ్చు అక్షరాల నీడ నాకు కనిపిస్తోంది, అది ఏమిటని అడిగితే నీకే గుర్తులేదన్నావు. ఆ చిత్రం మొదలైంది బహుశా ఆ కాగితంతోనే, ఇప్పుడు ఆ సంగతి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

పేర్ల విషయంలోనూ వస్తువునే నమ్ముకో. నువ్వు పెట్టిన పేర్లలో "అన్వేషణ" రెండుసార్లు వచ్చింది. వాడిపడేసిన టికెట్లు, రేపర్లు, అట్టముక్కలు అతికించి కొల్లాజ్‌లు చేసిన జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ తన పని మొత్తానికీ "మెర్జ్" అనే పేరు పెట్టుకున్నాడు. ఒక బ్యాంకు ప్రకటన కాగితాన్ని కత్తిరించి అతికించినప్పుడు "కొమ్మెర్జ్" (వాణిజ్యం) అనే జర్మన్ మాటలో మిగిలిన ముక్క అది. పేరు కూడా ఆ చెత్తలోంచే దొరికింది. నీ నీలం చిత్రానికి "ఉప్పు గీత" అని పేరు పెడితే ఎలా ఉంటుందో ఒకసారి పైకి అని చూడు.

వస్తువు, ప్రేరణ రెండూ పూర్తిగా ఒకటైపోయిన పనులు కొన్ని ఉంటాయి, అలాంటి చోట ఎక్కువ మాటలు అక్కరలేదు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత చిత్రకారుడు వివాన్ సుందరం కాగితం మీద ఇంజిన్ ఆయిల్, బొగ్గు వాడి వరుసగా చిత్రాలు చేశాడు. ఇంజిన్ ఆయిల్ అన్న మాట మాధ్యమం పేరుగా చీటీ మీద కనిపిస్తే చాలు, ఆ యుద్ధం దేని కోసమో, కాగితం మీద ఆ నల్లని మరక ఎందుకో విడమరచవలసిన పనిలేదు. బెంగాలీ చిత్రకారుడు సోమనాథ్ హోర్ 1943 నాటి బెంగాల్ కరువును కుర్రతనంలో కళ్లారా చూసి అప్పుడే ఎన్నో బొమ్మలు గీశాడు. 1970లలో కాగితపు గుజ్జుతో, తెలుపు మీద తెలుపుగా, కోతలూ ఉబ్బులూ మాత్రమే ఉన్న చిత్రాలు చేసి వాటికి "గాయాలు" అన్న ఒక్క మాట పెట్టాడు. అందులో రంగు లేదు, మనిషి బొమ్మ లేదు, కాగితమే చర్మం అయింది. చూసినదానికీ ఆ చిత్రాలకూ మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి. నీ పదో చిత్రానికి ప్రేరణ ఏమిటో ఇంకా తెలియడం లేదని బాధపడ్డావు కదా, దాని కింద మాధ్యమం, కొలత రాసి ఊరుకో, ఏదో ఒకటి కల్పించి రాయకు. తెలిసిన రోజున రాయవచ్చు.

ఇక మాధ్యమం రాసే వరుస గురించి. ప్రతి చీటీ మీదా "మిక్స్‌డ్ మీడియా" అని రాసి ఊరుకున్నావు. ఆ మాట తప్పు కాదు గానీ, అది సగం తలుపు మూసినట్టు ఉంటుంది. "చెక్క పలక మీద ఆక్రిలిక్, బొగ్గు, నూలు గుడ్డ, దారం" అని విడివిడిగా రాయి. చూసేవాళ్లకు అదే సగం కథ చెబుతుంది. కొనుక్కునేవాళ్లకూ, రేపు ఎప్పుడైనా ఆ చిత్రాన్ని బాగుచేయవలసి వచ్చినవాళ్లకూ అది ఎంతో ఉపయోగం. తర్వాత ఏడాది, ఆ తర్వాత కొలత: ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, ఉబ్బెత్తుగా ఉంటే మూడోది లోతు. నువ్వు కొన్నిటికి వెడల్పు ముందు రాశావు. నాలుగో చిత్రం నిలువుదో అడ్డందో అంకెలు చూసి నాకు అర్థం కాలేదు. ఇవే వివరాలు, జిగురు పేరుతో సహా, చిత్రం వెనక కూడా రాయి. అతికించిన కాగితం వెనకకు సిరా ఇంకి ముందువైపు తేలకుండా చట్రం చెక్క మీద పెన్సిలుతో రాయడం మేలు.

ప్రేరణను పంచుకోవడం గురించి అడిగితే పెద్దమ్మ జిగురు గురించి చెబుతోందేమిటని అనుకోవద్దు. నువ్వు చూపించే వస్తువు పదేళ్లు నిలవకపోతే దాని వెనక కథ ఎంత బాగా రాసినా ఏం లాభం? నా అనుభవమే చెబుతాను. మీ తాతగారు పోయిన ఏడాది, ఆయన నాకు రాసిన ఒక ఉత్తరాన్ని, అసలు కాగితాన్నే, ఒక చిత్రం మధ్యలో అతికించాను. చేతికి అందిన రబ్బరు జిగురు వాడాను. ఆ చిత్రాన్ని కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు తగిలించుకున్నాను. ఆరేడేళ్లలో జిగురు పసుపై, గోధుమరంగై కాగితంలోంచి పైకి మరకలుగా తేలింది, అంచులు పట్టు వదిలేశాయి, ఫౌంటెన్ పెన్ సిరా ఎండకు వెలిసి, చివరికి నీలం కూడా కాని ఒక లేత గీత మిగిలింది. "చిట్టితల్లికి" అన్న మొదటి మాట మాత్రం, దాని మీద ఆక్రిలిక్ మీడియం (ఆక్రిలిక్ రంగులో కలిపే పారదర్శక జిగురు) ఒక చుక్క పడటం వల్లనో ఏమో, కొంచెం కనిపించేది. ఆయన చేతిరాతలో అంత పొడవైన ఉత్తరం మన ఇంట్లో ఇంకొకటి లేదు. మీ అమ్మకు ఆ సంగతి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అందుకని ఇవి మాత్రం మరచిపోకు. మళ్లీ దొరకని కాగితాన్ని ఎప్పుడూ అసలుది అతికించవద్దు. ఆమ్లం లేని కాగితం మీద లేజర్ ప్రింటు తీయించి దాన్ని వాడు. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్ల సిరా చాలావరకు తడి జిగురు తగలగానే కారిపోతుంది, లేజర్ పొడి కారదు. వార్తాపత్రిక కాగితం చెక్క గుజ్జుది. అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు పసుపై, కాగితం పెళుసైపోతుంది. ఆ పసుపే నీకు కావాలంటే తెలిసి వాడు, తెలుపుగా ఉండాలంటే దాన్నీ నకలు తీయించు. జిగురుగా ఆక్రిలిక్ జెల్ మీడియం గానీ, ఆమ్లం లేని తెల్ల జిగురు గానీ వాడి, కాగితానికి రెండువైపులా పూసి, నడుమ నుంచి అంచులకు గాలి పోయేలా నొక్కి, మీద బరువు పెట్టి ఆరనిస్తే బుడగలు రావు. ఆక్రిలిక్ మీద నూనె రంగు వేయవచ్చు గానీ నూనె రంగు మీద ఆక్రిలిక్ వేయకూడదు, కొన్నాళ్లకు పొరగా ఊడివస్తుంది. ఆయిల్ పాస్టెల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, కాబట్టి దాన్ని చిట్టచివరి పొరగానే ఉంచి అద్దం వెనక పెట్టాలి. కాగితం మీద నేరుగా నూనె రంగు వేస్తే నూనె పీచులోకి ఇంకి కాగితాన్ని పాడుచేస్తుంది, ముందు జెస్సో అనే తెల్లటి అడుగు పూత ఉండాలి. బరువైన వస్తువులు అతికించేటప్పుడు సాగే కాన్వాస్ కన్నా చెక్క పలక నయం. నీ ఏడో చిత్రంలో కాన్వాస్ మీద గులకరాళ్లు పెట్టావు, ఫోటోలోనే పైవైపు ఒక సన్నని బీట కనిపిస్తోంది, వెంటనే దాని వెనక పలక బిగించు.

ఫోటోల గురించి ఒక్క మాట. నువ్వు పంపినవన్నీ ఎదురుగా వెలుతురు పెట్టి తీసినవి, రంగులు బాగానే వచ్చాయి గానీ దారం, గుడ్డ, ఇసుక అన్నీ చదునుగా అచ్చువేసినట్టు కనిపిస్తున్నాయి. ప్రతి చిత్రానికీ రెండు ఫోటోలు తీయి. ఒకటి మేఘం పట్టిన పగటి వెలుతురులో, కెమెరా చిత్రానికి సరిగ్గా ఎదురుగా ఉంచి, చిత్రం మొత్తం పడేలా తీసినది. రెండోది ఒక పక్క నుంచి మాత్రమే, దాదాపు గోడను రాసుకుంటూ వెలుతురు పడేలా పెట్టి, చెయ్యంత మేర దగ్గరగా తీసినది. దాంతో ప్రతి కుట్టుకూ నీడ వస్తుంది. నీలం చిత్రానికి ఈ రెండో ఫోటో లేకపోతే దూరాన ఉన్నవాళ్లకు ఉప్పు గీత గురించి ఎంత చెప్పినా కనిపించదు.

తొమ్మిదో చిత్రంలో ఒక పత్రిక నుంచి కత్తిరించిన ఫోటో పెద్దదిగా ఉంది. అది తీసిన ఫోటోగ్రాఫరు ఒకరు ఉంటారు, ఆ ఫోటో వాళ్ల పని. ఇంట్లో గోడకు పెట్టుకునే బొమ్మకైతే పరవాలేదు గానీ ప్రదర్శనకు పెట్టి అమ్మేటప్పుడు అనుమతి తీసుకోవాలి, లేదా నువ్వే ఒక ఫోటో తీసి అక్కడ పెట్టు. నాకైతే రెండో దారే నచ్చుతుంది. నువ్వు తీసిన ఫోటో అయితే దాని వెనక చెప్పడానికి నీకు ఒక రోజు ఉంటుంది. రెండో చిత్రంలో నీ స్నేహితురాలు రాసిన ఉత్తరం చదవగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయిని అడిగావా? అడగకపోతే ముందు అడుగు. వద్దంటే దాని మీద పల్చగా ఒక పొర రంగు వేసి అక్షరాలు ఉన్నాయని తెలిసేలా, చదవడానికి రాకుండా చేయి.

ఇతర చిత్రకారుల నుంచి తీసుకున్నదాన్ని దాచకు. ఆరో చిత్రంలో నలిగిన దిండు గలీబునూ దాని మీద కారిన రంగునూ చూడగానే నాకు 1955లో అమెరికన్ చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ తన దుప్పటినీ దిండునూ చెక్కకు బిగించి రంగు కార్చిన పని గుర్తొచ్చింది, నీకూ గుర్తుండే చేసి ఉంటావు. ఆ సంగతి చీటీ మీద నువ్వే రాస్తే చూసేవాళ్లు నీ దిండు ఆయన దిండుకు ఎక్కడ వేరో చూస్తారు. నువ్వు రాయకపోతే తెలిసినవాళ్లు ఆ పోలిక దగ్గరే ఆగిపోతారు. నాకు కనిపించిన తేడా ఏమిటంటే, నువ్వు గలీబును లోపలివైపు తిప్పి కుట్టుపనిని పైకి తెచ్చావు. అది పూర్తిగా నీది, దాన్ని గట్టిగా చెప్పు.

ఎంత రాయాలి అన్నదానికి, ఒక్కో చిత్రానికి అయిదారు వాక్యాలు దాటవద్దు. నీకు బాగా దగ్గరైన ఒకటి రెండు చిత్రాలకు పెద్దగా రాసినా తప్పులేదు, అన్నీ ఒకే కొలతలో ఉండాలన్న నియమం ఏమీ లేదు. దుఃఖం గురించి రాసేటప్పుడు మాత్రం కొంచెం ఆలోచించు. పదకొండో చిత్రం ఆ ఆసుపత్రి రోజుల నుంచి వచ్చిందని నాకు తెలుసు, దాని గురించి నువ్వు ఒక పేజీ రాశావు. ఆ పేజీ నాకు కన్నీళ్లు తెప్పించింది, నేను దాచుకుంటాను. కానీ దాన్ని గోడ మీద పెడితే చదివినవాళ్లు నిన్ను ఓదార్చడానికి వస్తారు, చిత్రాన్ని చూడరు. అందులోంచి ఒక్క వాక్యం తీసుకో: మందుల చీటీల వెనకవైపు తెల్లగా ఉంటుందని గమనించి వాటి మీద గీయడం మొదలుపెట్టానన్నది. చిత్రంలో ఆ చీటీలు ఎలాగూ ఉన్నాయి. ఆ వాక్యం చాలు, మిగిలినది చూసేవాళ్లు అక్కడి నుంచే తెలుసుకుంటారు.

ప్రదర్శన రోజున చిత్రాల దగ్గరే ఉండు, కానీ ఎవరైనా చూస్తున్నప్పుడు వెంటనే దగ్గరకు వెళ్లి మాట్లాడకు. వాళ్లు ముందు తమ కళ్లతో చూడాలి, తర్వాత చీటీ చదవాలి, ఆ తర్వాత నిన్ను అడగాలి. అందుకే చీటీలు చిత్రానికి మరీ దగ్గరగా, కంటి ఎత్తులో పెట్టవద్దు; కాస్త కిందుగా, ఒక అడుగు పక్కన పెట్టించు. "దీని అర్థం ఏమిటి?" అని అడిగితే "మీకు ముందుగా ఏం కనిపించింది?" అని అడిగి, చెప్పినదాన్ని నిజంగా విను. ఒకసారి నా చిత్రంలో కాల్చిన కాగితపు అంచును ఒక చిన్నపిల్లవాడు చూసి, ఏటి గట్టు అన్నాడు. నేను ఎన్నడూ అలా అనుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లు నేను చేసిన చిత్రాలన్నీ ఆ మాటలోంచి వచ్చాయి, వాటి చీటీల మీద ఆ సంగతి రాశాను.

గోడ మీద వరుస కూడా నువ్వే పెట్టుకో, ఇంకొకరికి వదలకు. ఉప్పు గీతను మొదట పెట్టాలని నాకు ఉంది. దాన్ని చూసినవాళ్ల కళ్లు దారం కోసం వెతకడం అలవాటు చేసుకుంటాయి, మిగతా చిత్రాల్లో నువ్వు దాచిన కుట్లన్నీ దొరుకుతాయి. మందుల చీటీల చిత్రాన్ని చివరలో కాకుండా, నడుమ ఎక్కడో, పక్కన కొంచెం ఖాళీ గోడ ఉండేలా పెట్టు.

ఈ ఉత్తరంతో పాటు ఒక కవరు పంపుతున్నాను. నా పొరపాటు తర్వాత మీ అమ్మ నేనూ కలిసి ఇల్లంతా వెతికితే తాతగారి రాతలో నాలుగు చిన్న కాగితాలు దొరికాయి: రెండు లెక్కల చీటీలు, ఒక చిరునామా, నీ పుట్టినరోజు నాడు ఆయన డైరీలో రాసుకున్న రెండు పంక్తులు. వాటికి మంచి కాగితం మీద లేజర్ నకళ్లు తీయించి, ఒక్కోటీ మూడేసి పెట్టాను. చించు, కత్తిరించు, రంగు పూయి, నీ ఇష్టం. అసలువి నా బీరువాలోనే, వెలుతురు తగలని చోట ఉంటాయి. నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ